ఉద్దానం కిడ్నీ జబ్బు గంజాంలోనూ ఉందా? జవాబు రాబట్టే పద్ధతి

ఇచ్ఛాపురంలో రైలెక్కితే అరగంటలో బరంపురం. మధ్యలో ఎక్కడో రాష్ట్రం మారుతుంది గానీ మట్టి మారదు, కొబ్బరి తోటలు మారవు, చుట్టరికాలు అసలే మారవు. 1936 ఏప్రిల్ 1న గంజాంలో ఎక్కువ భాగం ఒడిశాకు వచ్చింది, ఇచ్ఛాపురం అటే, ఇప్పటి ఆంధ్ర వైపే, ఉండిపోయింది. పిల్లనిచ్చిన ఊళ్లు మాత్రం రెండు వైపులా ఉన్నాయి. అందుకే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి వార్త వచ్చిన ప్రతిసారీ ఇటు ఒడిశాలోని చికిటి, పాత్రపూర్, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్లలో ఒకే ప్రశ్న వినపడుతుంది: అది మన వైపు కూడా ఉందా?

ఈ ప్రశ్నకు ఆసుపత్రి రిజిస్టరు జవాబు చెప్పలేదు. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి గంజాం ఒక్కటే కాదు, గజపతి, కంధమాల్, రాయగడ నుంచీ రోగులు వస్తారు. డయాలసిస్ పట్టికలో ఒక ఊరి పేరు ఎక్కువసార్లు కనపడిందంటే ఆ ఊళ్లో జబ్బు ఎక్కువ ఉండి ఉండొచ్చు. బస్సు సౌకర్యం బాగుండటం వల్ల కూడా కావచ్చు. కనపడని ఊరి వాళ్లు విశాఖ కేజీహెచ్‌కు పోతూ ఉండొచ్చు, లేదా ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే చనిపోతూ ఉండొచ్చు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసి చూశారు కాబట్టే పెద్దవాళ్లలో ఐదుగురిలో ఒకరికి దగ్గరగా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని బయటపడింది. అటువంటి కొలత ఇటువైపూ జరగాలంటే ముందు దేన్ని కొలుస్తున్నామో తెలియాలి.

జబ్బు నడిచే తీరు

మామూలుగా కిడ్నీలు పాడవడానికి పెద్ద కారణాలు రెండు: షుగరు, బీపీ. షుగరు వల్ల వచ్చే జబ్బు ముందుగా వడపోత గుళికలను దెబ్బతీస్తుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది, కాళ్లకు నీరు పడుతుంది. ఉద్దానంలో ఎక్కువమందిలో కనిపించేది వేరు. దెబ్బ ముందు పడేది గుళికల మీద కాదు, వాటి తర్వాత ఉండే సన్న నాళికల మీద, ఆ నాళికల మధ్య కణజాలం మీద. అక్కడ మచ్చ కట్టి, కిడ్నీ మెల్లగా కుంచించుకుపోతుంది. మూత్రంలో ప్రొటీన్ పోవడం చాలా తక్కువ. వాపు ఉండదు. బీపీ చాలాకాలం మామూలుగానే ఉంటుంది. మనిషి పనికి పోతూనే ఉంటాడు. ఆకలి చచ్చి, కడుపులో తిప్పి, రక్తం తగ్గి ఆయాసం వచ్చేనాటికి కిడ్నీల్లో మిగిలింది పదో వంతో, అంతకన్నా కాస్త ఎక్కువో.

ఇదే తీరు జబ్బు శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతుల్లో 1990ల్లో బయటపడింది. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీల్లో జరుగుతున్నది 2002 తర్వాత వైద్య పత్రికలకెక్కింది. ఒడిశాలోనే కటక్ జిల్లా నరసింగపూర్, బడంబా ప్రాంతాలు చాలా ఏళ్లుగా దీనికి పేరుపడ్డాయి. వైద్యులు దీన్ని ‘కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి’ అంటారు.

ఈ తీరు వల్ల రెండు పొరపాట్లు పదేపదే జరుగుతున్నాయి. మొదటిది శిబిరాల్లో. మూత్రంలో పట్టీ ముంచి, రంగు మారలేదు కాబట్టి ‘కిడ్నీలు బాగున్నాయి’ అని పంపేస్తారు. ఆ పట్టీ పట్టుకునేది ప్రొటీన్‌ను. ఈ జబ్బులో దాదాపు లేనిదే అది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) చూడని శిబిరం ఉద్దానం జబ్బు వెతకడానికి పనికిరాదు. రెండో పొరపాటు ఆసుపత్రి కాగితాల్లో. కిడ్నీ బాగా చెడ్డాక బీపీ తనంతట తానే పెరుగుతుంది. అప్పుడు మొదటిసారి పెద్దాసుపత్రికి వచ్చిన మనిషికి బీపీ 170 ఉంటే, స్కాన్‌లో కిడ్నీలు చిన్నవిగా కనిపిస్తే, ‘బీపీ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు’ అని రాసేస్తారు. ఏది ముందు వచ్చిందో ఆ దశలో చెప్పడం నిజంగా కష్టం. రాసిన డాక్టరును తప్పుపట్టి లాభం లేదు. కానీ ఆ కాగితాల లెక్కలోంచి కారణం తెలియని జబ్బు మాయమవుతుంది.

1.2 అంటే ఎంత

మనవాళ్లు క్రియాటినిన్‌ను పాయింట్లలో చెప్పుకుంటారు: ‘మా మావకి ఐదు పాయింట్లుంది’ అని. రిపోర్టులో పక్కన ‘మామూలు హద్దు 0.6 నుంచి 1.2’ అని అచ్చు వేసి ఉంటుంది. ఆ హద్దును నమ్మి ఊరుకోవడమే అసలు చిక్కు. క్రియాటినిన్ కండ నుంచి పుడుతుంది. కండ తక్కువ ఉన్న మనిషికి అది తక్కువే తయారవుతుంది, కాబట్టి వాళ్లలో చిన్న పెరుగుదల కూడా పెద్ద నష్టానికి గుర్తు.

లెక్క చూడండి. 25 ఏళ్ల కుర్రాడికి క్రియాటినిన్ 1.2 ఉంటే, క్రియాటినిన్ నుంచి వడపోతను లెక్కకట్టడానికి ఇప్పుడు వాడుకలో ఉన్న 2021 నాటి సీకేడీ-ఎపీ సూత్రం ప్రకారం కిడ్నీల వడపోత వేగం నిమిషానికి సుమారు 86 మిల్లీలీటర్లు. భయం లేదు. అదే 1.2 ఒక 55 ఏళ్ల స్త్రీకి ఉంటే వడపోత 53. అరవై కంటే తక్కువ, అంటే మూడు నెలలు అలాగే ఉంటే అది మూడో దశ కిడ్నీ జబ్బు. ఇద్దరి రిపోర్టులోనూ అచ్చైన అంకె ఒకటే, రెంటి కిందా ఎర్ర గీత లేదు. ఇక ఆమె బక్కపలచగా ఉంటే ఆ 53 కూడా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తున్నట్టే లెక్క. కాబట్టి ల్యాబులో క్రియాటినిన్‌తో పాటు ‘ఈజీఎఫ్ఆర్’, అంటే ఈ వడపోత వేగం అంచనా, కూడా వేసిమ్మని అడగాలి. దానికి వేరే పరీక్ష అక్కర్లేదు. వయసు, ఆడా మగా అన్నది తెలిస్తే ఫోన్‌లోనే లెక్క కట్టొచ్చు.

ఇంకో వైపు తప్పు కూడా ఉంది, అది అనవసరంగా భయపెట్టేది. వైశాఖంలో పొద్దున్నే జీడితోటలో నాలుగు గంటలు పనిచేసి, నీళ్లు తాగకుండా శిబిరానికి వచ్చిన మనిషికి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరుగుతుంది. ముందు రాత్రి మాంసం గట్టిగా తిన్నా పెరుగుతుంది. చవకైన జాఫే పద్ధతి పరీక్షలో రక్తంలోని వేరే పదార్థాలు కూడా క్రియాటినిన్‌లాగే రంగు ఇస్తాయి, అంకె కాస్త పైకి పోతుంది. ఎంజైమ్ పద్ధతిలో ఈ ఇబ్బంది తక్కువ. అందుకే ఒక్క పరీక్షతో ఎవరినీ కిడ్నీ రోగి అనకూడదు. ముందు రోజు మాంసం, చేప మానేసి, నీళ్లు తాగి, అదే ల్యాబులో మూడు నెలలకు మళ్లీ చేయించాలి. మధ్యలో వేరే ఊళ్లో వేరే యంత్రం మీద చేయించి 1.3, 1.6 పోల్చుకుని కంగారు పడేవాళ్లు చాలామంది. మొదటి రిపోర్టే 2 దాటి ఉంటే మాత్రం మూడు నెలలు ఆగకండి, వారంలోనే డాక్టరుకు చూపించి మళ్లీ చేయించాలి.

రిపోర్టులన్నీ తేదీ వారీగా ఒక నోటుబుక్కులో ఎక్కించుకుంటే డాక్టరుకు దానికి మించిన కాగితం లేదు. వడపోత ఏడాదికి ఐదుకు మించి పడిపోతుంటే జబ్బు వేగంగా నడుస్తోందని అర్థం.

అనుమానితుల వరస

నీళ్లు, ఎండ, పురుగుమందులు, భారలోహాలు, నొప్పి మాత్రలు, వంశం. ఒక్కొక్కదానికీ పక్షంలో వాదన ఉంది, ఎదురు వాదనా ఉంది.

నీటి మీద అనుమానం అన్నిటికంటే పాతది, రాజకీయంగా అన్నిటికంటే బలమైనది. ఫ్లోరైడ్ అన్నారు, సిలికా అన్నారు, గట్టి నీరు అన్నారు. ఫ్లోరైడ్ ఒక్కటే కారణమైతే ముందు నల్గొండ గుర్తురావాలి. అక్కడ ఫ్లోరైడ్ సమస్య దశాబ్దాలుగా నమోదై ఉంది, కానీ అక్కడ పేరుపడింది ఎముకల, పళ్ల జబ్బు. నీటి పరీక్షలకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. ఇవాళ తీసిన నమూనా ఇవాళ్టి నీటి సంగతి చెబుతుంది. ఇవాళ డయాలసిస్ మీద ఉన్న మనిషి కిడ్నీ చెడటం మొదలైంది పదిహేనేళ్ల కిందటి నీళ్లు తాగిన రోజుల్లో. ఆంధ్ర ప్రభుత్వం హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి వంశధార నీళ్లు తెచ్చే పథకాన్ని, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కూడిన 200 పడకల ఆసుపత్రిని 2023 డిసెంబరు 14న ప్రారంభించింది. మంచినీళ్లు ఏ లెక్కన చూసినా మంచివే. కానీ ఆ నీళ్లే మందా కాదా అన్నది తేలాలంటే, ఆ ఊళ్లలో కొత్తగా జబ్బు పడేవాళ్ల సంఖ్య తగ్గుతోందా అని పదేళ్లపాటు కొలుస్తూ ఉండాలి. పాత రోగులు బాగుపడలేదని పథకాన్ని తిట్టడమూ తప్పే, డయాలసిస్ వాళ్లు పెరిగారని నీళ్లను అనుమానించడమూ తప్పే.

భారలోహాల కథలో పరిశోధకులే తరచూ పడే గుంట ఒకటి ఉంది. రోగుల రక్తంలో కాడ్మియమో సీసమో ఎక్కువ ఉందని ఫలితం వస్తుంది, మర్నాడు పత్రికలో ‘కారణం దొరికింది’ అని పడుతుంది. కిడ్నీ పని ఆ లోహాలను బయటికి పంపడం కూడా. కిడ్నీ చెడితే అవి రక్తంలో మిగిలిపోవచ్చు. అంటే లోహం వల్ల జబ్బా, జబ్బు వల్ల లోహమా అన్నది ఆ ఒక్క పరీక్షతో తేలదు. జబ్బు రాకముందే రక్తం తీసి దాచి, తర్వాత ఎవరికి జబ్బు వచ్చిందో చూసే పరిశోధనే దీన్ని తేల్చగలదు. దానికి ఏళ్లు పడతాయి, డబ్బు పడుతుంది.

పురుగుమందుల విషయంలో శ్రీలంక తొందరపడింది. గ్లైఫోసేట్ కలుపుమందును 2015లో నిషేధించి, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించింది. ఆ మధ్యకాలంలో గట్టి రుజువేమీ రాలేదు, రైతుకు కలుపు ఖర్చు మాత్రం పెరిగింది.

ఎండ సిద్ధాంతానికి ఇప్పటివరకు ఉన్న రుజువు మిగతావాటికంటే గట్టిది, కానీ అది మధ్య అమెరికా చెరకు తోటల రుజువు. చెరకు కోసే కూలీలకు ఒకే రోజు పనిలో క్రియాటినిన్ పెరగడం కొలిచారు. కోత కాలం మొత్తం అలా రోజూ చిన్న దెబ్బ తగిలితే నాళికల్లో మచ్చ కడుతుందని వాదన. ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో గంటకోసారి నీడలో విశ్రాంతి, చేతికందే నీళ్లు ఏర్పాటు చేసి చూస్తే కిడ్నీ దెబ్బ తగ్గింది. మరి ఉద్దానంలో? అక్కడ పని చాలావరకు కొబ్బరి, జీడి, పనస తోటల నీడలో. స్త్రీలూ బాగానే జబ్బు పడుతున్నారు. అంతకంటే ఎండ మండే కోస్తా తాలూకాలు ఎన్నో ఉన్నాయి, వాటికి ఈ పేరు రాలేదు. కాబట్టి ఎండ ఒక్కటే అనడం ఉద్దానానికి అతకదు. అది మరో దాని మీద పడే రెండో దెబ్బ కావచ్చన్న వాదన ఎక్కువ నిలబడుతుంది.

గంజాంకు వచ్చేసరికి ఎండ లెక్క వేరుగా ఉంటుంది. హుమ్మా, సుర్లా ఉప్పు మడుల్లో నీడన్నదే లేదు. ఇక్కడి కుర్రాళ్లు వేలాదిగా సూరత్ మగ్గాల షెడ్లలో, గాలాడని చోట, పన్నెండు గంటల షిఫ్టులు చేస్తారు. వాళ్ల కిడ్నీకి దెబ్బ సూరత్‌లో తగిలి, కాగితం బరంపురంలో పుట్టొచ్చు. నివాసం రాసుకుని వృత్తి రాసుకోని సర్వే దీన్ని పట్టలేదు.

బాల్కన్ దేశాల అనుభవం ఇక్కడ ప్రతి పరిశోధకుడూ చదవాల్సినది. డాన్యూబ్ ఉపనదుల పక్క పల్లెల్లో ఇలాంటి నాళికల జబ్బే 1950ల్లో గుర్తించారు. యాభై ఏళ్లు నీళ్లన్నారు, బూజు విషమన్నారు, వైరస్ అన్నారు, లోహాలన్నారు. ఆధారం దొరికింది బెల్జియంలో: అక్కడ ఒళ్లు తగ్గించే వైద్యశాలలో చైనా మూలికలు మింగిన స్త్రీలకు 1990ల మొదట్లో అచ్చం అలాంటి కిడ్నీ జబ్బే వచ్చింది. ఆ మూలికల్లో ఉన్నది అరిస్టలోకిక్ ఆమ్లం. బాల్కన్ గోధుమ చేలలో అదే జాతి కలుపు మొక్క గింజలు పిండిలో కలిసేవని, రోగుల కిడ్నీ కణాల డీఎన్ఏలో ఆ విషం ముద్ర ఉందని 2007లో గట్టిగా చూపించారు. ఆ జాతి మొక్కలు మనకు కొత్త కాదు. నల్ల ఈశ్వరి, గాడిదగడపాకు అదే కుటుంబం. ఉద్దానం జబ్బుకు అవే కారణమని దీని అర్థం కాదు. నాటు మందుగా వాటి వేరో ఆకో లోపలికి తీసుకోవడం మానడానికి మాత్రం ఈ కారణం చాలు.

రెండు వైపులా ఒకే కొలత

‘మన వైపు ఉందా’ అన్నదానికి జవాబిచ్చే సర్వేకు అంత ఖరీదైన సరంజామా అక్కర్లేదు. దేశాల మధ్య పోల్చడానికి లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ కేంద్రంగా రూపొందించిన ‘డిగ్రీ’ పద్ధతి ఉంది. పనిచేసే వయసు పెద్దవాళ్లను ఓటర్ల జాబితా వంటి దాన్నుంచి లాటరీ పద్ధతిలో ఎంచుకుంటారు, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లను కాదు. శిబిరానికి తనంతట వచ్చేవాడు ఎప్పుడూ అనుమానం ఉన్నవాడే. బీపీ, షుగరు, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చూస్తారు. షుగరు ఉన్నవాళ్లను, బీపీ ఉన్నవాళ్లను, నిష్పత్తి 300 దాటినవాళ్లను పక్కన పెట్టి, మిగిలినవాళ్లలో వడపోత 60 కంటే తక్కువ ఎంతమందికో లెక్కిస్తారు. ఆ శాతం కవిటిలో ఒకలా, చికిటిలో ఒకలా ఉంటే అది నిజమైన తేడా. షరతు ఒకటే: రెండు వైపుల నమూనాలూ ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో చేయాలి. రక్తాన్ని ఎండలో జీపులో తిప్పకుండా అక్కడే సీరం వేరుచేసి, చల్లగా తీసుకెళ్లాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యం. పగలు పది గంటలకు తలుపు తడితే దొరికేది ముసలివాళ్లు, ఆడవాళ్లు. సూరత్ వెళ్లినవాళ్లు దసరాకు, బరంపురం ఠాకురాణీ యాత్రకు ఊళ్లోకి దిగుతారు. సర్వే ఆ రోజుల్లో పెట్టకపోతే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్లే లెక్కలో ఉండరు. ప్రశ్నపత్రం తెలుగులో, ఒడియాలో, గజపతి కొండల్లో సవర భాషలో ఉండాలి. ‘నొప్పి మందులు వాడతారా’ అన్న ప్రశ్నకు లేదనే జవాబొస్తుంది, ‘ఒళ్లునొప్పులకు ఆర్‌ఎంపీ ఏమిస్తాడు’ అంటే అసలు సంగతి తెలుస్తుంది.

కారణం తేలేలోపు

నొప్పి మాత్రల సంగతి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది మన చేతిలో ఉన్నది. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న ధమనిని, నీరు తగ్గినప్పుడు కూడా తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఆపేది వాటినే. ఎండలో చెమటోడ్చి వచ్చిన మనిషి అదే సాయంత్రం డైక్లో ఇంజెక్షన్ చేయించుకుంటే, కిడ్నీకి రక్తం తగ్గిన సమయంలోనే ఆ తలుపూ మూసినట్టు. పైగా అతను బీపీకి టెల్మిసార్టన్ వేసుకుంటుంటే, అది రక్తం బయటికి పోయే ధమనిని వదులు చేస్తుంది. రెండూ కలిసి వడపోత ఒత్తిడి పడిపోతుంది. మూత్రం ఎక్కువ పోయే మాత్ర కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చు, రోజుకు 3 గ్రాములు మించకుండా. బీపీ మందు మాత్రం సొంతంగా మానకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మాత్రం ఆ మాత్రలు, మూత్రం మాత్రలు, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ ఆపాలా అని డాక్టరును అడగాలి.

ఎండ పనిలో నీళ్లు దాహమేసినప్పుడు చెంబెడు కాకుండా, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగాలి. గంటకు లీటరున్నర మించొద్దు. గంజి, తరవాణి, పఖాళ నీళ్లు, ఓఆర్ఎస్ అన్నీ పనికొస్తాయి. కూల్‌డ్రింకు వద్దు. ఇది కిడ్నీలు బాగున్నవాళ్లకు. జబ్బు ముదిరి మూత్రం తగ్గినవాళ్లకు డాక్టరు చెప్పిన కొలతే. ‘కిడ్నీ జబ్బుకు నీళ్లు బాగా తాగాలి’ అన్న మాట నాలుగో దశ దాటాక ఊపిరితిత్తుల్లోకి నీరు తెస్తుంది.

కొబ్బరి బొండాం విషయంలోనూ అంతే. గ్లాసు బొండాం నీళ్లలో 600 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. ఎండలో పనిచేసే కుర్రాడికి మేలు, డయాలసిస్ మీద ఉన్నవాడికి గుండె ఆగే ప్రమాదం. ‘తక్కువ సోడియం ఉప్పు’ పేరుతో అమ్మేదాంట్లోనూ సోడియం బదులు ఉండేది పొటాషియమే. ఒడిశా ఇళ్లలో చట్నీకి వాడే కర్మంగా, అదే అయిదు పలకల పుల్లటి కాయ, కిడ్నీ చెడినవాళ్లు ఒక్కటి తిన్నా ఎడతెగని ఎక్కిళ్లు, మతి తప్పడం, ఫిట్స్ రావచ్చు.

డయాలసిస్‌కు ముందే చేయాల్సినవి

వడపోత 20 లోపుకు వచ్చిందంటే చేతి నరాలను కాపాడుకోవాలి. రాసే చెయ్యి కాని చేతికి ఫిస్టులా వేస్తారు (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ధమనిని సిరతో కలిపే చిన్న ఆపరేషన్), అది పనికొచ్చేలా గట్టిపడటానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఈలోపే నీరసమని ఆ చేతి ముంజేతికి సెలైన్ సూదులు పొడిపించుకుంటే నరం పూడుకుపోతుంది, ఫిస్టులాకు చోటుండదు. రక్తం తీయడమైనా, సూది పెట్టడమైనా అరచేతి వెనక భాగంలోనే పెట్టమని పట్టుబట్టాలి. హెపటైటిస్-బి టీకా కూడా ఈ దశలోనే వేయించాలి, డయాలసిస్ మొదలయ్యాక అది సరిగా పట్టదు.

ఒక్కో డయాలసిస్‌కు నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల శుద్ధ జలం కావాలి, ఆర్‌ఓ వదిలేసే నీరు అదనం. మున్సిపల్ నీటిలోని క్లోరిన్ బొగ్గు ఫిల్టరులో పూర్తిగా పట్టకపోతే రోగి ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కొత్త యూనిట్ ప్రారంభోత్సవానికి వెళ్లే నాయకులు యంత్రాలెన్ని అని అడుగుతారు. అడగాల్సింది ఆ ఫిల్టరు నీటిని ప్రతి షిఫ్టుకూ పరీక్షించి ఎవరు రాస్తున్నారని.

వారానికి మూడుసార్లు, జీవితాంతం. కేంద్ర ప్రభుత్వ డయాలసిస్ కార్యక్రమం 2016లో మొదలై జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచితం చేసింది, 2019లో ఇంటి దగ్గర చేసుకునే పొట్ట డయాలసిస్‌నూ (పొట్టలోకి ద్రవం ఎక్కించి, తర్వాత బయటికి తీసే పద్ధతి) చేర్చింది. సరిహద్దు కుటుంబాలకు చిక్కు కార్డులతో వస్తుంది. ఆంధ్రలో రోగులకిచ్చే పింఛను ఆంధ్ర రేషన్ కార్డుకే. సరిహద్దు ఊరు గిరిసోలాకు ఇటు, ఒడిశా వైపు, ఉన్న ఆడపడుచు ఆధార్‌లో అత్తవారి ఊరు ఉంటే పుట్టింటికి సోంపేట యూనిట్ దగ్గరే అయినా ఏ పథకం కింద సీటు ఇస్తారో, ఆ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ఫిస్టులా వేయించుకునే రెండు నెలల్లోనే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. సీటు ఎక్కడ దొరుకుతుందో ఖాయమయ్యాకే పొట్ట డయాలసిస్ మేలా, యంత్రం మేలా అన్న చర్చ. వారానికి మూడుసార్లు కొండదారిలో జీపు మాట్లాడుకోవాల్సిన గజపతి కుటుంబానికి రోజుకు నాలుగు రెండు లీటర్ల ద్రవం సంచులు, ఒక శుభ్రమైన గది, సబ్బుతో కడుక్కున్న చేతులు చాలాసార్లు తేలికైన దారి. బయటికి వచ్చిన నీరు మసకగా కనిపించిన రోజున మాత్రం పొద్దుగూకేదాకా చూడకుండా ఆ సంచీతో సహా ఆసుపత్రికి బయల్దేరాలి.